ఎంటర్ కొట్టని వేలు

(సబ్బవరం. హేమశ్రీ తండ్రి దినవారాలు అయిపోయాయి. ఆసుపత్రిలో వాడుకోమని ఇచ్చిన తన లాప్‌టాప్ తీసుకెళ్లడానికి మేనత్త కొడుకు సాయిశంకర్ వచ్చాడు.)

"ఉండు బావా, ఆపేసి ఇచ్చేత్తాను."

"ఇదేటే హేమా? నీ ప్రోగ్రాం ఇంకా నడుస్తన్నాదా?"

"మూత ఏసేసినాను గానీ ఆపనేదు. ఆపబుద్ధి అవ్వనేదు."

"మావయ్య కోసం రాసిందేనా?"

"అదే. నోరు పడిపోయినాది, వేలొక్కటే ఆడేది గదా. ఒకటి నొక్కితే నీళ్లు, రెండు నొక్కితే నొప్పి, మూడు నొక్కితే అమ్మని పిలు. తెర మీద పెద్ద అక్షరాలు రావాల."

"వచ్చినాయా?"

"ఒక్కటీ రానేదు. నొక్కు నాన్నా, నొక్కు అని బతిమాలినాను. వేలు ఆడుతన్నాది, మాట రాదు. ఊరికే వణుకు అనుకున్నాం. డాక్టరుగారూ తెలివి నేదన్నారు."

"కాలేజీ లేబ్‌లో పనిచేసిందన్నావు?"

"అక్కడ విండోస్. నొక్కీ నొక్కగానే మాట వచ్చీసీది. నీ దాంట్లో లైనక్స్ గదా, నొక్కిన అంకెని అప్పుడే అందుకునే ఆ గెట్‌చ్ నాకు తెల్దంది. అది తీసేసి గెట్‌చార్ పెట్టినాను."

"హేమా."

"ఏటి?"

"పెట్టినాక సూసుకున్నావా?"

"సూసినాను. ఒకటి నొక్కి ఎంటర్ కొట్టినాను. నీళ్లు అని వచ్చింది. ఏటి బావా, అలా సూస్తన్నావు?"

"ఎంటర్ కొట్టీదాకా నొక్కినవన్నీ లైన్లో కూకుంటాయే. ప్రోగ్రాం దాకా రావు."

"మరి నొక్కిన అంకయినా కనపడాల గదా!"

"కనపడకుండా నువ్వే ఆపినావేమో."

"ఆపినాను. మాటొక్కటే కనపడాలని... అంటే నాన్న..."

"నేదు నేదు. నొక్కనేదేమో. తెలివే నేదన్నారు గదా. ఇటివ్వు, కట్టేస్తాను."

"ఎంటర్ కొట్టు బావా."

"వద్దే."

"కొట్టు."

"ఇదిగో, కొట్టినాను. వస్తన్నాయే."

"నువ్వే సదువు. నాకు కళ్లు ఆనడం నేదు."

"నీళ్లు. నీళ్లు. నొప్పి. నీళ్లు. నీళ్లు... ఇంకా కిందకి ఉన్నాయే. అన్నీ నీళ్లే."

"గొంతులో గొట్టం ఉంది, సుక్క పొయ్యద్దన్నారు బావా. అమ్మ పోస్తానంటే నానే సెయ్యి పట్టుకుని ఆపినాను."

"ఏటర్రా, ఏటయినాది? ఆ పెట్టెలో ఏటున్నాది? మీ నాన్నేదైనా రాసినాడేటే? నాకు సదువు రాదు గదా, సెప్పవే హేమా!"

"అత్తా, అదీ..."

"నువ్వుండు బావా. రాసినాడమ్మా. నిన్నే పిలిసినాడు. మళ్లీ మళ్లీ నిన్నే."