కిటికీలో ఇటుక

(వచ్చే వారం కూల్చబోయే భవనంలో ఒక ఖాళీ గది. ఒకప్పుడు అక్కడ పనిచేసిన ముగ్గురు: ఫోన్లు ఎత్తిన అక్క, అమ్మకాలు చూసిన మీసాలాయన, కంప్యూటర్లు చూసుకున్న తమ్ముడు.)

"ఆ కిటికీ వేసేయండి బాబూ, మబ్బు పట్టింది. జల్లు కొట్టిందంటే గదంతా తడిసిపోతుంది."

"తడవనీ అక్కా! వచ్చే వారం కూల్చే గది. ఎవరికి జలుబు చేస్తుందట?"

"నీకేం మీసాలూ, ఎన్నైనా చెబుతావు. మా అమ్మాయి బండి మీద వస్తానంది. రోడ్లు జారుతుంటాయి. ఫోనెత్తదు."

"బండి మీద ఫోనెత్తితే ఒక భయం, ఎత్తకపోతే ఇంకో భయం! ఒరేయ్ డబ్బా, గుర్తుందా? ఎవరు ఫోన్ చేసినా అక్క ముందు 'అయ్యో, ఏమైందండీ' అనేది. అవతలివాడు ధర కనుక్కుందామని చేసినా సరే. మండుటెండలోనూ ఆ పూల గొడుగు వదిలేది కాదు."

"ఊఁ."

"ఇరవై ఏళ్ళకి కనిపించి 'ఊఁ' ఏంట్రా? నీ నాలుగు కంప్యూటర్ డబ్బాలు ఇక్కడే కదూ, మూతలు ఊడదీసి వరసగా పెట్టావు? నేనేమో ఇల్లిల్లూ తిరిగి, 'మీ ఫొటోలు మా కంప్యూటర్లో పెడితే ఇంటర్నెట్‌లో ఎక్కణ్ణుంచైనా చూసుకోవచ్చు, చెదలు పట్టవు' అని చెప్పేవాణ్ణి."

"చెదలైతే పట్టలేదు."

"హమ్మయ్య, నోరు విప్పాడు! డబ్బాలు వేడెక్కిపోతున్నాయి, ఏసీ కొనమంటే యజమాని 'కిటికీ ఉందిగా' అన్నాడు. రెక్క నిలవక మూసుకుపోతుంటే వీడే ఎక్కణ్ణుంచో ఇటుక తెచ్చి అడ్డం పెట్టాడు. 'ఇది ముట్టుకుంటే వేళ్ళు విరుస్తా' అని చీటీ కూడా అంటించాడు. ఇప్పుడు మన పాత కంపెనీది ఏడంతస్తుల అద్దాల మేడ. ఒక్క కిటికీ తెరుచుకోదు."

"పాత సంగతులు చాల్లే. టీ తాగుదాం పదండి."

"తాగే కదక్కా వచ్చాం. అసలు ఆ సోమవారం పొద్దున..."

"వద్దన్నానా!"

"ఏమైంది? బీపీ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను. తమ్ముడూ, ఇటు చూడు. వద్దు, అటే చూడు. నువ్వు అటు చూస్తుంటేనే చెప్పగలను."

"చెప్పండక్కా."

"మొన్న మా అమ్మాయి ఆఫీసులో ఏదో పొరపాటు చేసిందట. ఎవరూ పట్టుకోలేదట. తనే వెళ్ళి 'నేనే చేశాను' అని చెప్పేసి వచ్చింది. నోరు మూసుకుని ఉండలేకపోయావా, ఉద్యోగం పోతేనో అని తిట్టాను. 'నువ్వైతే ఏం చేసేదానివమ్మా' అంది. అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు."

"నువ్వేం చేశావక్కా?"

"ఆ శనివారం సాయంత్రం ఆఖరున వెళ్ళింది నేనే. పాపకి జ్వరం, ఇంటికి పరుగెత్తాలి. మబ్బు ఇలాగే పట్టింది. జల్లు పడితే డబ్బాలు తడుస్తాయేమో, షాకు కొడుతుందేమో, గది అంటుకుంటుందేమోనని... ఇటుక తీసి కిటికీ మూసేశాను."

"అక్కా!"

"చుక్క పడలేదు తమ్ముడూ. ఆదివారమంతా ఎండే."

"అంటే డబ్బాలు వేడికి మాడిపోయింది అందుకా? నాలుగు వందల ఇళ్ళ ఫొటోలు! వీడి పనితనం బాగాలేదని కదా వీణ్ణి తీసేశారు!"

"ఆ ఫోన్లన్నీ ఎత్తింది నేను కాదూ? పోయిన పిల్లాడి ఫొటో అదొక్కటేనమ్మా అని ఒకావిడ ఏడ్చింది. 'ఆ ఇంజనీరును తీసేశామండీ' అని చెప్పమన్నారు. చెప్పాను. ఈ నోటితోనే చెప్పాను."

"ఆగక్కా. సోమవారం నేనొచ్చేసరికి కిటికీ తెరిచే ఉంది. వీడి ఇటుకా ఉంది. కళ్ళారా చూశాను."

"నేనూ చూశాను. ఎక్కడో పారేసుకున్నాననుకున్న గొడుగు కూడా నా కుర్చీకే వేలాడుతోంది. దాంతో, నేను మూయలేదేమో, మూద్దామనుకుని వెళ్ళిపోయానేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ ఇటుక బరువు చేతికి ఇంకా గుర్తుంది. తమ్ముడూ, నువ్వు సామాను పట్టుకుని మెట్లు దిగుతుంటే, మోగని ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. నీ ముఖం చూడలేక."

"ఒరేయ్, ఏదో ఒకటి అనరా."

"తిట్టు తమ్ముడూ. నాలుగు మాటలు అను."

"వాన మొదలైందక్కా. వీడు కిటికీ దగ్గర్నుంచి కదలడు. ఒరేయ్, చొక్కా తడుస్తోందిరా!"

"నేను వెళ్తాను మీసాలూ. అమ్మాయి కింద తడుస్తూ ఉంటుంది. వీడేమంటాడో వినలేను, వినకుండా ఉండలేను."

"కూర్చోండక్కా. ఆదివారం వచ్చి డబ్బాలు చూసి వెళ్ళాల్సింది నేను. రాలేదు. ఇంట్లో పడుకుని నిద్రపోయాను. నన్ను తీసేయడం న్యాయమే. సోమవారం అందరికంటే ముందొచ్చాను. కిటికీ మూసి ఉంది, దాని కింద మీ పూల గొడుగు. పాప మందుల చీటీ దానికే చుట్టి ఉంది. ఇద్దరి ఉద్యోగాలూ పోవడం ఎందుకని, గొడుగు మీ కుర్చీకి తగిలించి, ఇటుక మళ్ళీ నేనే పెట్టాను."