నీళ్ళు తగ్గితే పోసుకో

హలో… ఆ, నేనేరా, అక్కని. ఈ మెకానిక్ షెడ్డులో ఫోను ఇంకెవరు ఎత్తుతారు?… ఆగు, ముందు నన్ను మాట్లాడనివ్వు. ముక్కుందా నీకు?

… ముక్కు, ముక్కు! మొహం మధ్యలో ఉంటుందే, అది.

… ఉందా? మరి ఇన్ని నెలలుగా ఆ బడి వ్యాన్లో ఎలా కూర్చున్నావురా తండ్రీ! ఇప్పుడే హీటర్ గొట్టం ఊడదీశాను. ఛీ ఛీ ఛీ… బురదైనా నయం. తుప్పు, పాచి, జిగురు అన్నీ కలిసి బకెట్లో బుడుంగుమని పడింది. మోచేతుల దాకా అదే. ఫోను రెండు వేళ్ళతో పట్టుకున్నా.

… మూడున్నరకి బడి వదులుతారు. తెలుసు. పన్నెండు మంది పిల్లలు. అదీ తెలుసు. బయట నోరు తెరిస్తే పొగలొస్తున్నాయి, నాకు కనబడట్లేదా? అందుకేగా ఈ మంట.

… ఏమైందంటే, విను. ఇంజిన్ వేడిని మోసుకుంటూ ఒక గొట్టం డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్లోకి వెళ్తుంది. ఇంకోటి తిరిగొస్తుంది. ఫ్యాను దాని మీంచి ఊదితే మీకు వెచ్చటి గాలి. అంతే. ఇంతోటి దానికి ఇంత కంపు చేశావు.

… ఆ, మధ్యలో వాల్వు. కుళాయి అనుకో. ముందర గుండ్రంగా తిప్పుతావే, ఎర్ర గీత వైపుకి? అది తీగని లాగుతుంది, తీగ కుళాయి తెరుస్తుంది. … గట్టిగా ఉందా? ఉండదా మరి! ఎండాకాలమంతా ముట్టుకోకపోతే బిగుసుకుపోదూ? నెలకోసారి ఇటూ అటూ తిప్పమన్నానా లేదా?

… 'ఎండల్లో హీటరెందుకక్కా' అట! వేడి కోసం కాదురా, కుళాయి కోసం.

… దాన్ని నేను వదులు చేశాలే. అయినా ఒక గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, రెండోది మంచుగడ్డ. అంటే చిన్న రేడియేటర్ పూడుకుపోయింది. పైగా కారుతోంది. కింద పట్టా ఎత్తి చూశాను… వాక్! పిల్లలు కాళ్ళు పెట్టే చోటురా అది.

… ఏంటీ? సెంటా? వాంతులు చేసుకుంటున్నారని సెంటు కొట్టావా? ఓరి నాయనో! తిన్నది పడక కాదురా వాళ్ళ వాంతులు, నీ బండి వాసనకి!

… అది సరే గానీ, ముందు బంపరు నొక్కుకుపోయిందేం? నీలం రంగు అంటుకుంది. … బడి గేటుకా? ఎప్పుడు?

… ఇవాళ పొద్దున! వ్యాన్ వదిలేసి పోయేటప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?

… ఊ. … అద్దం మీద ఆవిరి. పడుతుంది. లోపల కారేదంతా అద్దానికే పడుతుంది, తుడిచేందుకు వెచ్చటి గాలి లేదాయె. … ఊ. పిల్లల్ని దించి బండి తిప్పుతున్నావు. ఒక చేత్తో గుడ్డ. … గేటు పక్కన ఎవరున్నారు?

… గట్టిగా చెప్పు.

… బుడంకాయా?

… నీ కూతురురా అది! నా మేనకోడలు! … రోజూ అక్కడే నిలబడి నీకు టాటా చెప్తుందా. … బండి దానికి ఎంత దూరంలో ఆగింది?

… జానెడు.

… ఏడవకు. నువ్వేడిస్తే నాకింకా ఒళ్ళు మండుతుంది. … దెబ్బేం తగల్లేదుగా? సరే. సరే.

అసలు రేడియేటర్లో ఏం పోశావో చెప్పు. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ పోసినవాడి గొట్టం ఇలా ఉండదు. … నీళ్ళా? ఉత్త నీళ్ళా? ఎక్కడివి?

… వ్యాన్ కడిగే తొట్టిలోవి! అబ్బబ్బబ్బ… నిన్ను చూస్తేనే అసహ్యం వేస్తోందిరా. తుప్పు పట్టదా, కుళ్ళి చిల్లు పడదా? ఏ బుద్ధిలేని మనిషి చెప్పింది నీకు నీళ్ళు పొయ్యమని? ఎవరో చెప్పు, ఈ బకెట్ తీసుకెళ్ళి నెత్తిన బోర్లించి వస్తా.

…

… నేనా?

… నేనెప్పుడు చెప్పాను? … వానల్లో. ఫోన్లో. … ఊ. 'ఎర్ర లైటు వెలిగిందక్కా' అన్నావు. … నేనేమన్నాను?

… 'నీళ్ళు తగ్గుంటాయి, పోసుకో.'

… అన్నాను.

… అది కాదురా, మా షెడ్డులో అందరం దాన్ని నీళ్ళే అంటాం. పని మధ్యలో కూలెంట్ అని ఎవరంటారు? నీళ్ళు మార్చు, నీళ్ళు కారుతున్నాయి, చల్లారాక మూత తీసి నీళ్ళు చూడు… ఆ నీళ్ళంటే ఆకుపచ్చ కూలెంటని నీకు తెలుసనుకున్నా. ఎలా తెలుస్తుంది? డబ్బా కూడా చూపించలేదు.

… వద్దు, నన్ను వెనకేసుకురాకు. ఇందాకటి నుంచీ ఛీ ఛీ అంటున్నానే, అదంతా నా నోటి నిర్వాకమే. జానెడు…

… లేదు. నేనేం ఏడవట్లేదు. వాసనకి.

… విను. వ్యాన్ ఇవాళ ఇవ్వను. కాళ్ళు పట్టుకున్నా ఇవ్వను. చిన్న రేడియేటర్ కొత్తది వెయ్యాలి, మొత్తం కడగాలి, గాలి బుడగ మిగలకుండా నింపాలి. రేపు సాయంత్రం. … పిల్లల్ని నేను తీసుకొస్తాలే. నా జీపులో, రెండు ట్రిప్పులు. … బుడంకాయని మొదటి ట్రిప్పులో ఎక్కించు. నా పక్క సీట్లో. … ఎందుకేంటి? ఊరికే.

… ఆ, నీకో డబ్బా ఇస్తా. దాని మీద పెయింటుతో ఇంతేసి అక్షరాలు రాస్తున్నా, 'ఇవి నీళ్ళు కావు' అని. … నవ్వకురా! షెడ్డు గోడ మీద కూడా రాస్తా. అది నాకు.

… సరే, పెట్టేస్తున్నా. ఈ చేతుల్తో దాని పక్కన ఎలా కూర్చుంటాను? కడుక్కోవాలి.

… ఆ. నీళ్ళతోనే.