ముప్పై ఏడు గూళ్ళు

1963, వాకాడు పక్కన ఒక చెరువు గట్టు. బడిపంతులు హెబ్రోను, చెరువు కాపలా చూసే పోలేరమ్మ.

"మళ్ళీ లెక్కబెట్టండి అయివారూ. నీళ్ళలో ఆ మూల చెట్టు వదిలేసినట్టుండారు."

"వదల్లేదు పోలేరక్కా. మూడుసార్లు లెక్కబెట్టినా. ముప్పై ఏడే."

"పొద్దు ఎదురుగా ఉంది గదా. కళ్ళకి ఆనవు."

"గూడబాతు కళ్ళకి ఆనకపోతుందా? మేకపిల్లంత ఉంటుంది. యాభై తొమ్మిదిలో మూడొందల పన్నెండు గూళ్ళు. పోయినేడు కూడా రెండొందల ఎనభై ఉండె. ఒక్క ఏడాదిలో ఏమైపోయినాయి?"

"వానల్లేవు."

"చెరువు నిండుగా ఉంది గదక్కా."

"పులికాట్లో చేపల్లేవంట."

"నిన్న వలోళ్ళనే అడిగినా. బాగానే పడతన్నాయంట. ఇట్ట చూడు, ఆ కొమ్మలెందుకు విరిగినాయి?"

"గాలికి."

"గాలికి విరిగితే అన్నీ ఒకపక్కకి వాలతాయి. గట్టు మీది ఈ మానులో సీసం గుండ్లేంది మరి? తుపాకులోళ్ళు వచ్చినారా?"

"వచ్చినారు. పోయినేడు, మీరు లెక్కబెట్టుకొని పోయిన నెలకి. రెండు కార్లు. మద్రాసోళ్ళు."

"పిల్లలు గూళ్ళలో ఉండంగానా?"

"ఎగరడం రాని పిల్లలు అయివారూ. తల్లులు నీళ్ళలో పడిపోతే, అవి పైన మూడు రోజులు అరిచినాయి. నాలుగోనాడు అరవలేదు."

"ఊరోళ్ళు అడ్డం పళ్ళేదా? వీటి రెట్ట కలిసిన నీళ్ళకే గదా మీ మళ్ళు పండేది!"

"అందరూ కోతల్లో ఉండారు. ఇక్కడ నేనొక్కదాన్నే."

"నాకొక కార్డు ముక్క రాయించకూడదా?"

"ఏమని రాయించేది..."

"సరేలే. నేను ఊరుకోను. పోయినేడు పేపర్లో రాసినట్టే ఈసారీ రాస్తా. ఇంకా గట్టిగా. ఊరు, చెరువు, గూళ్ళెన్నో, అన్నీ. కలెక్టరు దాకా పోవాల."

"వద్దు అయివారూ."

"ఎందుకు వద్దు? రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"తెలియొద్దు. ఎవరికీ తెలియొద్దు."

"పోలేరక్కా, ఇట్ట నా పక్క చూడు. ఏంది నువ్వు దాచేది?"

"మీకు చెప్పకూడదనే అనుకున్నా. ఆ మద్రాసోళ్ళ చేతిలో మీరు రాసిన ఆ పేపరే ఉండింది. మీ పేరు నాకు చదివి వినిపించినారు. మీ మనుషులేననుకొని, తెప్ప ఎక్కించి గూళ్ళ కాడికి నేనే తీసుకపోయినా."