లైబ్రరీ ఎవరు మార్చారు?

ప్రోగ్రాంలు తయారుచేసే బిల్డ్ మెషీన్ ఉన్న గదిలోకి వస్తూనే టీమ్ లీడర్ తలుపు వేసి, తన ప్రోగ్రామర్ వైపు తిరిగింది.

“రస్ట్ భాషలో రాసిన ఈ ఆసుపత్రి ప్రోగ్రాంలో డేటాబేస్ లైబ్రరీ కోడ్‌ని లోపలే కలిపి బిల్డ్ చెయ్యమన్నానా, లేదా?”

“అలాగే చేశానక్కా. కాన్ఫిగ్ ఫైలు చూడండి.”

“చూశాను, కడిగిన ముత్యంలా ఉంది. కానీ తయారైన ప్రోగ్రాం మాత్రం మెషీన్‌లో ఉన్న పాత లైబ్రరీకి లింకైంది. దానికి డేటాను తాళం వేసి దాచడం రాదు. రోగుల రికార్డులన్నీ నడిబజార్లో పెట్టినట్టే! ఎవరికి అమ్ముకుందామని?”

“ఎంత మాటన్నారు! ఫైల్లో ఏం రాసినా మెషీన్ సెట్టింగ్‌దే పైచేయి. అదెవరు మార్చారో చూద్దాం, ఉండండి.”

అతను కీబోర్డు దగ్గరికి లాక్కుని రెండు లైన్లు కొట్టాడు.

“‘మెషీన్‌లో ఉన్న లైబ్రరీనే వాడు’ అని పోయిన నెల పెట్టారు. లాగిన్ మీదే అక్కా.”

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. బిల్డ్ చేసిన ప్రతిసారీ లైబ్రరీని లోపల కలపడానికే ఐదు నిమిషాలు పోతోందని, ఒక్కపూట కోసం తనే ఆ సెట్టింగ్ పెట్టి, తీయడం మరిచిపోయింది.

“ఇప్పుడేం చేద్దామక్కా?”

“నువ్వే చేశావని పైవాళ్లకి పొద్దున్నే మెయిల్ పెట్టేశాను.”

అతను కీబోర్డును ఆమె ముందుకు నెట్టాడు.

“అయితే ఇంకోటి పెట్టండి. నేను చూస్తుండగానే.”