వైకుంఠరావు గారి గురువారం బల్ల

మందస, సంతబొమ్మాళి, డొంకూరు... ఎక్కడెక్కడి నుంచో పని మానుకుని పలాస వచ్చిన అమ్మలకు, అన్నలకు, ఆఫీసర్లకు నమస్కారం. మన వైకుంఠరావు గారు పోయి పదకొండు రోజులైంది. ఉపాధి ఆఫీసులో చిన్న ఉద్యోగి. మరి హాలు పట్టనంత జనం ఎందుకొచ్చారు? నాకు ఏడుపొస్తోంది. దాంతో పాటే పట్టలేనంత హుషారూ వస్తోంది. తప్పు పట్టకండి, ఎందుకో చెబుతాను.

నేను సుధారాణిని. టెక్కలిలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతున్నాను. తొమ్మిదేళ్ల క్రితం ఇదే పలాసలో జీడిపిక్కలు కొట్టేదాన్ని. శిక్షణకు దరఖాస్తు పెడదామని వెళితే మిషను మీద నా వేలిముద్ర పడలేదు. ఎలా పడుతుంది? జీడిరసం గీతలన్నీ తినేసింది! ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడ మూడో ఆఫీసుకు పొమ్మన్నారు. చివరికి ఈయన నా చేతులు చూశారు. వేలిముద్రకు బదులు కంటిపాప చూసి మనిషిని గుర్తుపట్టే మిషను వేరే శాఖ దగ్గరుంటే, బండి మీద పెట్టుకుని తెచ్చారు. నాలుగు శాఖల వాళ్లూ ప్రతి గురువారం ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అప్పుడే మొదలైంది. వాళ్లను ఎలా ఒప్పించారనుకున్నారు? ఒకటే మాట: “పొయ్యొకింట్లో, గిన్నొకింట్లో ఉంటే కూడెలాగ ఉడుకుద్ది బాబూ?”

ఆయన తప్పు చేయని మనిషేం కాదు. డొంకూరులో ఏం జరిగిందో మీకు తెలుసుగా! ఆ సముద్రపొడ్డు ఊళ్లో కుర్రాళ్లను శిక్షణకు చేర్చుకుందామని షామియానా వేయించి, నలభై కుర్చీలు వేయించి, నాలుగు శాఖల వాళ్లనూ జీపెక్కించి తీసుకెళ్లారు. ఒక్క కుర్రాడూ లేడు! ఎందుకుంటారు? అందరూ చేపల వేటకు గుజరాత్ వెళ్లిపోయే రోజులవి. అప్పుడు చేపలమ్మే మన జోగమ్మ అందరి ముందూ కడిగేసింది: “సేప సంద్రంలో ఉన్నప్పుడు మగోడు ఒడ్డునుంటాడేటి బాబూ? సదూకున్నోడివి, ఆపాటి తెలవదా?”

ఆయన పగలబడి నవ్వి, తప్పు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డెక్కాక, మళ్లీ అక్కడే షామియానా వేశారు. ఈసారి కుర్చీలు చాల్లేదు! ఇరవై ఆరుగురు బోటు ఇంజన్ల పని నేర్చుకోవడానికి వెళ్లారు. వాళ్లలో ఒకడు ఇక్కడే ఉన్నాడు, యువరాజూ, చెయ్యెత్తు నాయనా! అదిగో, చూడండి ఆ గ్రీజు. సంతాప సభకైనా చేతులు కడుక్కుని రాలేదు.

ఆయన నాకు తండ్రి కాదు, మేనమామ కాదు. అయినా ఆయన పోయిన రోజు షాపు షట్టరు తీయబుద్ధి కాలేదు. మరి మొన్నటి గురువారం ఏం జరిగింది? బల్ల దగ్గర ఒక్క కుర్చీ వేయలేదు. ఎవరి ఆఫీసులో వాళ్లు కూర్చున్నారు. ఇదేనా మనం ఆయనకిచ్చే గౌరవం? నాకు ఒళ్లు మండింది.

ఈ మంగను చూడండి. నాలాగే జీడిపిక్కలు కొట్టే పిల్ల. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటొచ్చింది. వేలిముద్ర పడక ఒకచోట, సంతకం లేక ఇంకోచోట, వారం రోజులుగా తిరుగుతోంది. సీటు నిలబెట్టుకోవడానికి గడువు ఈ సాయంత్రం అయిదు గంటలు. ఇప్పుడు మూడున్నర.

ఇక ముందువరస చూడండి! ఐటీఐ ప్రిన్సిపాల్ హేమలత గారున్నారు. ఉపాధి అధికారి నిరంజన్ గారున్నారు. మండలాఫీసు నుంచి లోకనాథ్ గారున్నారు. కంటిపాప మిషనున్న శాఖ నుంచి గౌతమి గారు దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చారు, నేనే తెమ్మన్నాను. నాలుగు శాఖలూ ఒక్క హాల్లో! ఇంత చక్కగా చిక్కితే వైకుంఠరావు గారు వదిలేవారా? దండ వేసిన తన ఫోటోనే పక్కకు జరిపి ఆ బల్ల ముందుకు లాగేవారు కాదూ?

అందుకే నాకీ హుషారు. ఆయన లేరు. కానీ ఆయన పని ఇంకో గంటన్నరలో అయిపోతుంది, మనం తలుచుకుంటే!

అందరూ లేవండి. రెండు నిమిషాలు మాటల్లేకుండా ఆయన్ని మనసులో పెట్టుకుని నిలబడదాం. ఆ తర్వాత ముందువరస వాళ్లు మాత్రం గుమ్మం వైపు చూడకండి, కుర్చీలు ఇటు తిప్పుకోండి. మంగా, నువ్వు ఇలా వచ్చి బల్ల దగ్గర నిలబడు తల్లీ.