పావురాల మేడ కప్పు

ఇప్పుడొచ్చారయ్యా పాత కట్టడాల ఆఫీసు వాళ్ళు, ఇప్పుడు! కప్పంతా నేలకూలాక వచ్చి, తలుపుకి కాగితం అంటించి, దాని మీద ముద్ర గుద్ది, "ఈ పురాతన కట్టడాన్ని ఎవరూ ముట్టుకోరాదు" అన్నారు. ముట్టుకోడానికి ఏం మిగిలిందట?

కాస్త ఓర్చుకో, ఫ్రొయిలాన్. ఫ్లాస్కులో తెచ్చిన సబ్బు నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. నీ సమాధి పలక ఈ మూల బీటలిచ్చింది. ఆరేళ్ళుగా వాన నీ మీద కారుతుంటే నాకు కనబడలేదు చూడు. తాపీ మేస్త్రి పెళ్ళాన్నట, సిగ్గు లేకపోతే సరి.

ఆఁ, మన పావురాల మేడే. ఇంకేది కూలితే నేను ఈ మోకాళ్ళతో బస్సెక్కి ఇంత దూరం వస్తాను? పెద్ద హాలు కప్పు. మన పెళ్ళయిన ఏడాదే పాత కప్పు విప్పేసి, దూలాల మీద నువ్వు ఇటుకా ఇటుకా పేర్చిన కప్పు. పోయిన గురువారం మధ్యాహ్నం, వాన దంచి కొడుతోంది. నేను వెనక వాకిట్లో చిక్కుడు గింజలు ఏరుకుంటున్నా. ముందు దూలం మూలిగింది. ఆ తర్వాత ఒక్కటే చప్పుడు. పావురాలన్నీ ఒక్కసారే ఎగిరిపోయాయి. ఎవరికీ ఏం కాలేదులే. నా పిల్లి కూడా బతికింది.

వీధంతా వానదే తప్పంటోంది. రొట్టెలమ్మే చోలె వచ్చి, "మూడొందల ఏళ్ళ మేడ వదినా, అదైనా ఎన్నాళ్ళని నిలబడుతుంది?" అంది. నేను తలూపాను.

వానదా తప్పు? నువ్వున్నప్పుడు మన ప్యూబ్లా ఊళ్ళో వానలు పడలేదా? వానలకి ముందొచ్చే శిలువ పండక్కి మేస్త్రీలంతా పూల శిలువలు పెట్టుకుని, తాగి, రెండ్రోజులు లేచేవాళ్ళు కాదు. నువ్వు మాత్రం మర్నాడే నిచ్చెనెక్కేవాడివి. మిద్దె మీద ఒక రోజు సబ్బు నీళ్ళు పోస్తే, ఒక రోజు పటిక నీళ్ళు. మళ్ళీ సబ్బు, మళ్ళీ పటిక. ఇటుక సందులన్నీ పూడిపోయి చుక్క దిగేది కాదు. ఎవడైనా సిమెంటు మాటెత్తితే, "నీ మొహానికి పూసుకోరా సిమెంటు, నా మిద్దె ఊపిరి పీల్చుకోవాలి" అనేవాడివి.

మరి ఆ మేడ వెనక పనివాళ్ళకని ఇచ్చిన మన గది మీద? బకెట్టు అడుగున మిగిలింది పోసేవాడివి. అడుగున మిగిలింది! మంచం మీద గిన్నెలు పెట్టుకుని, ఆ గిన్నెల మధ్య ఒదిగి పడుకున్నాం కదయ్యా నలభై ఏళ్ళు. నేనేదైనా అంటే నవ్వేవాడివి. "మనది కప్పు కాదే మెలీ, చిల్లుల గొడుగు" అనేవాడివి. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈ మనిషికి ఆ హాలు మీదున్న ప్రేమలో పిసరంతైనా నా మీద లేదు అనుకునేదాన్ని. మొన్నటిదాకా అదే అనుకున్నాను.

నువ్వు పోయాక మూడేళ్ళు నేనే ఎక్కి పోశాను, తెలుసా? అప్పుడొచ్చాడు దొన్ లెయాంద్రో. మేడ యజమానురాలు పెద్దమ్మగారు పోయాక అది ఆమె మేనల్లుడైన ఇతనికే వచ్చింది. నా చేతి రొట్టెలు తిని పెరిగినోడు! "చూడు మెలిందా, ఈ మేడని కూల్చనివ్వరు. మేకు కొట్టాలన్నా ఆఫీసు వాళ్ళ కాగితం కావాలి. కానీ దానంతటదే కూలిందనుకో, ఎవరేం చేస్తారు?" అని కన్నుగీటాడు. అక్కడ కార్లు పెట్టుకునే చోటు చేస్తాడట. నాకు కిటికీ ఉన్న గది ఇస్తానన్నాడు. తిప్పితే వేడినీళ్ళు వచ్చే కుళాయి కూడానట.

నేను ఎక్కడం మానేశాను.

అంతేనా అంటావేమో. ఆగు, చెప్తాను. ఈ మూల రుద్దనీ.

కూలిన మర్నాడు ఆఫీసు నుంచి ఆర్కిటెక్టు పిల్ల వచ్చింది, ఇత్సెల్ అని. మంచి పిల్లే. గోడని ఆవుని నిమిరినట్టు నిమిరింది. పడిన ప్రతి ఇటుకకీ సుద్దతో నంబరు వేయిస్తోంది. వాళ్ళు తిండికి వెళ్ళిన సందు చూసి నేను లోపలికి వెళ్ళాను. ఆ హాలు నేల ఎన్ని వేలసార్లు తుడిచానో, ఒక్కరోజు కూర్చున్నానా? ఆ రోజు కూర్చున్నా, ఆ కుప్ప మీద. చేతికందిన ఇటుక ఒకటి తిప్పి చూశాను.

నీ రాత. మేకుతో గీకావు. "నా మెలికి" అని. కింద మన పెళ్ళి సంవత్సరం.

ఇంకోటి తిప్పాను. దాని మీదా అదే. ఇంకోటి. దేవుడా, ఎన్నింటి మీద రాశావయ్యా! పైన మట్టి కప్పేస్తే ఎవరు చూస్తారని రాశావు? ఒక్కసారి నోటితో చెబితే నీ సొమ్మేం పోయేది? ఇన్నేళ్ళూ నువ్వు పైకెక్కి కాపాడుకుంది దీన్నా? నేను ఆ కప్పుని శత్రువులా చూశాను కదయ్యా.

ఇదిగో, ఒకటి ఏప్రన్‌లో దాచి తెచ్చాను. నీ తల దగ్గర పెడుతున్నా. ఆ పిల్ల లెక్కలో ఒకటి తక్కువొస్తుంది. రానీ.

ఇప్పుడు విను. మానేయడం ఒక్కటే కాదు. ఈ వానలు మొదలయ్యే ముందు నేను పైకెక్కాను. లెయాంద్రో చెప్పినట్టే, నీళ్ళు పోయే తూములు మూడింట్లోనూ గుడ్డలు కుక్కాను. మూడు వారాలు మిద్దె మీద నీళ్ళు నిలిచాయి. ఆ గుడ్డలు ఎక్కడివంటావా? నీ పని చొక్కా. నీలి గళ్ళది, నువ్వు పోయినప్పటి నుంచీ నా దిండు కింద ఉన్నది. కోపంతోనే చింపాను. నీ దగ్గర అబద్ధమెందుకు?

గదా? ఏ గది? లెయాంద్రోని అడిగితే "చూద్దాంలే" అన్నాడు. ఆ పిల్లేమో కప్పు మళ్ళీ కట్టి తీరాలంటోంది. ఈయనేమో వీధి గోడ ఒక్కటి నిలబెట్టి, వెనక కార్లు పెడతానంటున్నాడు. ఎవరి మాట చెల్లుతుందో నీకు తెలీదా? గుమ్మం దగ్గర కార్లవాళ్ళకి చీటీలు చింపడానికి నాకొక కుర్చీ వేయిస్తాడట. సరేనన్నాను. ఎక్కడికి పోను?

పలక ఆరుతోంది. రేపు పటిక నీళ్ళు తెచ్చి పోస్తాను. నీ కప్పు మాత్రం ఇక కారనివ్వను.

ఇంకొక్కటి ఉంది. ఆ పిల్ల మూడో తూములోంచి చొక్కా ముక్క బయటికి లాగింది. ఎర్ర దారంతో నేను కుట్టిన గుండీ ఇంకా ఊడలేదు. బురద దులిపి, నా ముందు పెట్టి, "ఇది ఎవరిదో తెలుసా అమ్మా?" అని అడిగింది.

తెలీదన్నాను, ఫ్రొయిలాన్. గాలికి ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఉంటుందన్నాను.