పద్నాలుగో నంబరు

కూర్చో తల్లీ. ఆ కుర్చీ వద్దు, దాని కాలు నా మోకాలి లాంటిదే, నమ్మడానికి లేదు. మంచమ్మీద కూర్చో. ఏవీ, ఇలా ఇవ్వు ఆ కాగితాలు. ఐపీ పెడుతున్నావు, పిటిషన్లో తప్పులుంటే చూసిపెట్టమని తెచ్చావు, అంతేగా. దానికి తల దించుకోవడం దేనికి? కుట్టు దుకాణం నడవలేదు, మూసేశావు. రెండేళ్ళ కిందట మిషన్లు కొంటానంటే నేనూ ఓ చెయ్యి వేసి డబ్బు సర్దాను కాబట్టి ఈ దివాలాలో తాతకీ వాటా ఉంది, నువ్వొక్కదానివే గొప్పలు పోకు. నలభై ఏళ్ళు కోర్టు వరండాలో టైపు మిషను పెట్టుకుని కూర్చున్నవాణ్ణి. ఈ రెండు వేళ్ళతో ఎంతమందిని దివాలా తీయించానో నాకే తెలీదు. ఈయన చేత పిటిషను కొట్టించుకున్నాక బాగుపడ్డవాడు ఒక్కడూ లేడయ్యా అని ప్లీడర్లు నవ్వుకునేవాళ్ళు. అవును, రెండు వేళ్ళే. పది వేళ్ళతో కొట్టేవాళ్ళు నా కంటే వెనకబడేవాళ్ళు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ కోర్టులో నా కంటే పెద్దమనిషి జడ్జిగారొక్కరే అనుకునేవాణ్ణి, అదీ ఆయన కామాలు సరిగ్గా పెట్టిన రోజుల్లోనే.

ఇదిగో, ఈ మొదటి పేజీ చూస్తుంటే బైండరు గుర్తొస్తున్నాడు. నువ్వు చూళ్ళేదులే, పోయి ముప్పై ఏళ్ళు దాటింది. కోర్టు వెనక సందులో ఒకే ఒక్క గది, అందులో మనిషి, బల్ల, జిగురు గిన్నె. ఇంకోడు లోపలికెళ్ళాలంటే వాడు బయటికి రావాలి. కోర్టు రిజిస్టర్లు, బడిపిల్లల పుస్తకాలు, అన్నీ వాడే కుట్టేవాడు. పదకొండయ్యేసరికి నా దగ్గరికి టీకి వచ్చేవాడు. వచ్చి, "ఏరా టకటకా, వేళ్ళు ఉన్నాయా అరిగిపోయాయా?" అనేవాడు. ప్లీడర్ల ముందు కూడా అంతే. నేను లోపల ఉడికిపోయేవాణ్ణి. మెల్లిగా పిలవరా, నలుగురిలో నాకో మర్యాద ఉంది అనేవాణ్ణి. "ఎక్కడుంది, నేను చూళ్ళేదే" అని నా బల్ల కిందకి వంగి వెతికేవాడు. అలాంటి మనిషి. ఏమిటీ, చివరి పేజీయా? అక్కడికే వస్తున్నా, ఆగు, వరసగా చదవనీ.

వాడికో పిచ్చి పుట్టింది. కాగితాలు కోసే పెద్ద మిషను కొంటానని. కొన్నాడు. దాన్ని గదిలో పెట్టడానికి తలుపు చట్రం ఊడదీయాల్సొచ్చింది, అప్పుడైనా నాకు బుద్ధి రావద్దూ. నా నాలుగు నెలల సంపాదన తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను. చేబదులే. నోటు లేదు, సంతకం లేదు. అందరి నోట్లూ టైపు కొట్టేవాణ్ణి, నాదొకటి కొట్టుకోలేదు. ఏడాది తిరక్కుండానే రిజిస్టర్లన్నీ కుట్టినవే కంపెనీల నుంచి రావడం మొదలైంది. బడివాళ్ళూ మానేశారు. మిషను అలా నిలబడి ఉండేది, వాడు దానికి బట్ట కప్పి తుడిచేవాడు. చివరికి ప్లీడరు దగ్గరికెళ్ళి ఐపీ పెట్టాడు. అంటే, ఇక తీర్చలేను, నా దగ్గరున్నది ఇది, ఇవ్వాల్సినవాళ్ళు వీళ్ళు అని ఒప్పేసుకోవడమే కదా. పిటిషను కొట్టడానికి నా దగ్గరికే తెచ్చాడు. "తప్పుల్లేకుండా కొట్టరా, మునిగేటప్పుడైనా శుభ్రంగా మునుగుతా" అని, స్టాంపులు కొనడానికి వెళ్ళాడు.

నేను కార్బన్లు పెట్టి నాలుగు కాపీలు మొదలెట్టాను. అప్పులవాళ్ళ లిస్టు దగ్గరికి వచ్చాను. కాగితాల కొట్టువాడు, మిషను అమ్మినవాడు, బ్యాంకు, ఇంటి ఓనరు, ఇలా. పదమూడో నంబరు టీ కొట్టువాడు. కింద గీత. అయిపోయింది. నేను లేను. కాగితం తిప్పి చూశాను, ప్లీడరు చేతిరాత మళ్ళీ మొదట్నుంచి చదివాను, లేను. నాకు ఎక్కడో మండింది తల్లీ. టీ కొట్టువాడి పాటి చెయ్యనా? నా డబ్బు డబ్బు కాదా? టకటకా టకటకా అని పిలిచి పిలిచి మనిషినే కాదనుకున్నాడా? అంతే, గీత కింద పద్నాలుగు అని కొట్టాను. నా పూర్తి పేరు, మా నాన్న పేరు, వృత్తి, మొత్తం ఎంతో అంకెల్లోనూ అక్షరాల్లోనూ. పేరు చివర 'గారు' కూడా కొట్టుకున్నాను. మిగతా పదమూడు మందికీ లేదు, నాకొక్కడికే. నవ్వు, నవ్వు. నలభై ఏళ్ళలో నా అంతట నేను చేర్చిన మాట అదొక్కటే.

వాడొచ్చాడు. మామూలుగా ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం చేసే రకం. ఆ రోజెందుకో చివరి పేజీ దగ్గర ఆగాడు. పద్నాలుగో నంబరు మీద వేలు పెట్టాడు. ఆ వేలికి జిగురుంటుందేమో, నా కాగితం మరకవుతుందేమోనని భయపడ్డాను, చూడు నా తెలివి. "ఇది నువ్వే కొట్టావా?" అన్నాడు. నేను కాక ఇంకెవరు కొడతారు అన్నాను. కాసేపు చూసి, సరే అని, నాలుగు కాపీల మీదా సంతకం పెట్టేశాడు.

వాయిదా రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. రోజూ కూర్చునే వరండాయే, ఆ రోజు మాత్రం పెళ్ళికి వచ్చినట్టు వచ్చాను. నంబరు పిలిచారు. లేచాను. కాగితం ఏమైనా ఉందా అన్నారు జడ్జిగారు. లేదండి, చేబదులు అన్నాను. నోటు లేకుండా నువ్వే ఇచ్చావా అన్నట్టు నా వంక చూశారు, నా మొహం ఆయనకి తెలుసు కదా. బైండరు లేచి, "నిజమేనండి, ఇవ్వాలి" అన్నాడు. నా వైపు చూళ్ళేదు. తర్వాత అంతా మామూలే. మిషను వేలానికి పోయింది, దబ్బనాలు, జిగురు గిన్నె, బల్ల మాత్రం బతుకు తెరువు సామాన్లని వాడికే వదిలేశారు, మిగతా అప్పులన్నీ కొట్టేశారు. మెట్ల మీద ప్లీడరు గుమాస్తా కలిశాడు. "ఏమండీ, మీకేం పోయేకాలం? లిస్టులో ఉన్నవాళ్ళ అప్పులే రద్దయ్యేది. ఇంకెవరూ లేరా అని మా ప్లీడరుగారు అడిగితే, ఉన్నాడొకడు, వాడిది నేను చూసుకుంటా, కోర్టుకెందుకు అన్నాడు బైండరు. మీరే వెళ్ళి బావిలో దూకినట్టు దూకారు" అన్నాడు.

డబ్బు పోతే పోయింది. మర్నాడు పదకొండయింది, వాడు రాలేదు. వారం తర్వాత సందులో ఎదురుపడి, "నమస్కారం టైపిస్టు గారూ" అన్నాడు. వెటకారమేమో అని మొహం చూశాను. కాదు. మామూలుగానే అన్నాడు. ఇక అంతే, చచ్చేదాకా గారే, మీరే. ఓసారి నా డిక్షనరీ అట్ట నేనే పీకేసి, ఊడిపోయిందని వంక పెట్టుకుని వెళ్ళాను. ఎంత చక్కగా కుట్టాడో, అదిగో, ఆ అలమరలో ఉంది, ఒక్క పుట కదల్లేదు. అంతకు ముందు నా దగ్గర పైసా పుచ్చుకునేవాడు కాదు. ఆ రోజు రసీదు రాశాడు, పూర్తి పేరుతో, గారుతో. చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. ఏరా అనరా ఒక్కసారి, అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. నలుగురిలో మర్యాద గలవాణ్ణి కదా, అడగలేదు.

సరే, ఏదీ నీ చివరి పేజీ. బట్టల హోల్‌సేల్ షాపు, బ్యాంకు, మిషన్ల కంపెనీ, ఇంటి ఓనరు... తొమ్మిది, పది, పదకొండు. పదకొండేనా? ఇంకో కాగితం ఏమైనా నీ సంచీలో... లేదా. ఊఁ. ఇంకెవరూ లేరా అని మీ ప్లీడరు అడగలేదూ? ... సరే సరే, చెప్పకు.

ఆ పెన్ను ఇలా ఇవ్వు. అంత కంగారేమిటే, ఏమీ రాయను. ఆరో నంబరు దగ్గర కామా పడలేదు, అదొక్కటే పెడుతున్నాను. ఇదిగో. మిగతాదంతా శుభ్రంగా ఉంది. స్టవ్వు మీద పాలు పెట్టినట్టున్నాను, వెళ్ళి చూడవే.